కుయా చూడని ఆట

సౌదీల రాబిగ్ ప్లాంటుల మాకు ఫోర్మెన్‌గ ఉన్నాయన పోయిండు. సెలవు మీద ఫిలిప్పీన్స్‌ల తన ఊరికి పోయినోడు, అక్కడనే గుండె ఆగి సచ్చిపోయిండట. పొద్దుగాల డ్యూటీ బస్సు ఎక్కుతుంటే తెలిసింది.

ఆయనను అందరం ‘కుయా’ అని పిలిచేటోళ్లం. వాళ్ల భాషల అన్న అని. జగిత్యాల నుంచి వచ్చిన నాకు వెల్డింగ్ చేతికొచ్చింది ఆయన దగ్గరనే. అతుకు చెడగొడితే తిట్టేటోడు గాదు. "మళ్ల చేద్దాం" అని పక్కన కూసునేటోడు.

ఫుట్‌బాల్ అంటే ఆయనకు పానం. వాళ్ల దేశం టీం ఫొటో చూపిస్తే మేం నవ్వినం. సగం మంది తెల్లదొరల లెక్క ఉన్నరు. జర్మనీల, నార్వేల, స్పెయిన్‌ల పుట్టినోళ్లట.

"వీళ్లు మీవాళ్లెట్లయితరు కుయా?" అన్న.

"మా ఆడోళ్లు బతకపోయిన కాడ పుట్టిన్రు. తల్లి మాదైతే పిల్లలు మావాళ్లు గారా?"

ఆయన బిడ్డ నార్వేల నర్సు. మనుమడు అక్కడనే పుట్టిండు. వాడు బంతి తన్నే వీడియో చూపిచ్చి, "రేపు వీడు గూడ మా టీంల ఆడతడు" అనేటోడు. ఆ మనుమన్ని ఒక్కసారన్న ఎత్తుకోలే ఆయన.

నిరుడు ఆ టీం జిద్దాకు ఆడనీకి వచ్చింది. కుయా టికెట్ కొనుక్కున్నడు. సరిగ్గ ఆ దినమే నా భార్య, బిడ్డ విజిట్ వీసా మీద జిద్దాల దిగుతున్నరు. నాకు సెలవు దొరకలే. మొఖం వేలాడేసుకొని కూసుంటే కుయానే వచ్చిండు.

"నువ్వు పో. నీ డ్యూటీ నేను చేస్త."

"మరి మ్యాచ్?"

"టీం మళ్ల వస్తది. నాయిన కోసం బిడ్డ వెతుక్కుంటది, నువ్వు లేకపోతే ఎట్ల?"

వద్దని అనలే నేను. మాటవరసకన్న అనలే. ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే స్టేడియం లైట్లు కనబడ్డయి. "అవేంది నాయినా?" అని అడిగింది బిడ్డ. "ఆట ఆడుతున్నరు" అన్న. ఆ సంబురంల కుయా యాదికే రాలే.

తెల్లారి గేటు కాడ ఆయన అడిగిన మొదటి మాట, "బిడ్డ గుర్తు పట్టిందా?"

మ్యాచ్ ఏమైందని నేను అడగలే. అదే ఇప్పుడు నన్ను తింటున్నది.

మొన్న ఆ టీం మళ్ల వచ్చింది. ఒక్కన్నే పోయిన. ఆట నాకు సరిగ్గ సమజ్ గాలే. వాళ్లు ఓడిపోయిన్రు. అయిపోయినంక వాళ్ల టీంల తెల్లదొర లెక్క ఉన్న పొడుగాటి ఆటగాడొకడు కంచె దగ్గరికి వచ్చిండు. తెల్ల వెంట్రుకల ఫిలిప్పీన్స్ ముసలామె ఒకామె చెయ్యి చాపింది. చెయ్యి కలుపుతడనుకున్న. ఆ పిలగాడు నడుం వంచి, ఆమె చెయ్యి తన నొసటికి ఆనిచ్చుకున్నడు. పెద్దలకు దండం పెట్టుడు వాళ్లకట్లనేనట, పక్కాయన చెప్పిండు. ఆమె వాళ్ల భాషల ఏందో చెప్తనే ఉన్నది. పిలగానికి అర్థమైనట్టు లేదు. అయినా ఆ చెయ్యి వదలకుంట, తల ఎత్తకుంట, అట్లనే నిలబడి ఇంటున్నడు.