గ్రూపులు మారలేదు

కొవిడ్‌కి రెండు మూడేళ్ల ముందు మాట. అప్పుడు నేను ఢిల్లీ పక్కన మానేసర్ దగ్గర ఒక ప్రైవేటు టాక్సికాలజీ ల్యాబ్‌లో ఇంజనీరుని. రంగులు, జిగుర్లు, సాల్వెంట్లు తయారుచేసే కంపెనీలు తమ రసాయనాన్ని పీలిస్తే ఎంత హాని జరుగుతుందో తెలుసుకోవడానికి మా దగ్గరికి వచ్చేవి. ఆ రసాయనాన్ని ఆవిరి చేసి, గాలిలో కలిపి, సరైన మోతాదులో ఎలుకలకు అందేలా చూడటం నా పని.

ఈ పరీక్షల్లో నోస్-ఓన్లీ అనే పద్ధతి ఉంది. ఒక్కో ఎలుకను ఒక్కో పారదర్శకమైన గొట్టంలోకి ఎక్కిస్తాం. దాని ముక్కు మాత్రమే నేను ఆవిరి నింపే చాంబర్‌లోకి తెరుచుకుంటుంది. ఒళ్ళంతా ఆవిరి తగిలితే అది బొచ్చు నాకినప్పుడు రసాయనం కడుపులోకి కూడా పోతుంది. అప్పుడు ఊపిరితిత్తుల సంగతి విడిగా తేలదు.

మా స్టడీ డైరెక్టర్ డాక్టర్ సువార్త. స్టడీ డైరెక్టర్ అంటే ఒక పరీక్షకు మొదటి నుంచి చివరి దాకా బాధ్యత వహించే మనిషి. ఆవిడ బాపట్ల వైపు నుంచి వచ్చిన వెటర్నరీ డాక్టర్. ఢిల్లీలోని జనక్‌పురి నుంచి రోజూ కంపెనీ బస్సులో వచ్చేవారు. అసలు పరీక్ష మొదలుకాక ముందు చాలా రోజులు ఎలుకలను ఖాళీ గొట్టాలకు అలవాటు చేయించేవారు. మాకు అది చాదస్తంగా కనిపించేది.

"మేడమ్, మీరు గిట్ల ఒక్కొక్కదాన్ని బుజ్జగించుకుంట కూసుంటే నా చాంబర్‌కు రిటైర్మెంట్ వస్తది" అన్నాను ఒకసారి.

"రానివ్వండి రాజేందర్ గారూ, పెన్షన్ మీరిద్దురుగాని" అని నవ్వి, "భయపడ్డ ఎలుక ఊపిరి వేరండీ. మనం కొలవాల్సింది రసాయనాన్ని, దాని భయాన్ని కాదు" అన్నారు.

ఆ ఏడాది బహదూర్‌గఢ్ వైపు చెప్పుల ఫ్యాక్టరీలకు జిగురు అమ్మే మల్హోత్రా అనే ఆయన జిగురు కరిగించే తన కొత్త సాల్వెంట్ పంపారు. మామూలుగానే నాలుగు గ్రూపులు చేశాం. కంట్రోల్ గ్రూపుకి ఉత్త గాలి. మిగతా వాటికి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ మోతాదులు. కొన్ని వారాలు పీల్చనిచ్చాక నెక్రాప్సీ, అంటే జంతువు శవపరీక్ష, చేశారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నది ఎక్కువ మోతాదు గ్రూపులో కాదు. మధ్య గ్రూపులో.

మా వృత్తిలో ఇలా తలకిందుల ఫలితం వస్తే అందరికీ మొదట వచ్చే అనుమానం ఒకటే. రెండు గ్రూపుల ఎలుకలు తారుమారయ్యాయని. మీటింగులో మా ల్యాబ్ హెడ్ చోప్డా సార్ అదే అన్నారు. "సువార్తా జీ, జహర్ జ్యాదా, నుక్సాన్ కమ్? అదల్-బదల్ హో గయా హోగా." విషం ఎక్కువైన చోట హాని తక్కువెలా అవుతుంది, తారుమారై ఉంటాయని ఆయన మాట.

సువార్త గారు తొణకలేదు. ఘాటు మరీ ఎక్కువైతే ఎలుక తనంతట తానే ఊపిరి తగ్గించుకుంటుందని, అందుకే ఎక్కువ మోతాదు లోపలికి పోయి ఉండదని, మధ్య మోతాదును మాత్రం ఎలుకలు మామూలుగా పీల్చేసి ఉంటాయని చెప్పారు. అందరం చదువుకున్నదే. ఆవిడకి తప్ప ఎవరికీ గుర్తురాలేదు.

చోప్డా సార్ నా వైపు తిరిగారు. "ఎక్కించేటప్పుడు నువ్వూ ఉన్నావుగా. మారే అవకాశం ఉందా?"

ఎలుకలను ఎక్కించేటప్పుడు ఇద్దరు ఉండాలి. ఆవిడ తోక మీద నంబరు చదివేవారు, నేను సరిచూసి పైకి చెప్పేవాణ్ని. నా కళ్ళు దాటి ఒక్క ఎలుక కూడా గొట్టంలోకి పోలేదు. కానీ గ్రూపులు మారలేదని చెబితే తరువాతి అనుమానం, మోతాదులు సరిగా అందించలేదని, నా చాంబర్ మీదికి వస్తుంది. ప్రమోషన్ చేతికందే దూరంలో ఉంది.

"చెప్పలేం సార్" అన్నాను.

దాంతో పరీక్ష మొత్తం మళ్ళీ చేయాలని తేల్చారు. అంటే ఇంకో విడత ఎలుకలు. బయట కారిడార్‌లో సువార్త గారు నన్ను ఆపారు.

"మారలేదని మీరొక్క మాట అంటే చాలు. ఊపిరి కొలవడానికి నాలుగైదు ఎలుకలు సరిపోతాయి. అన్నిటినీ మళ్ళీ చంపక్కర్లేదు."

"నా చాంబర్ మీదికొస్తది మేడమ్."

"వస్తే నేను పక్కన నిలబడనా? మీ చాంబర్ ఎంత బాగుందో నాకంటే ఎవరికి తెలుసండీ?"

అంత మాట అన్నా నేను చోప్డా సార్ దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. జంతు పరీక్షలకు అనుమతిచ్చే నైతిక కమిటీలో ఒంటరిగా వాదించారు, ఓడిపోయారు. ఓడిపోయిన మర్నాడే కొత్త ఎలుకల దగ్గర కూర్చున్నారు. మళ్ళీ అదే ఓపిక, అదే బుజ్జగింపు. కోపం వచ్చి ఉంటుంది. కానీ ఆ చేతుల్లో అది ఎక్కడా కనిపించలేదు. ఢిల్లీలో ఒక మెడికల్ కాలేజీలో తెలిసినవాళ్లను అడిగి ప్లెథిస్మోగ్రాఫ్ తెప్పించారు. గొట్టంలో గాలి ఒత్తిడి మారడాన్ని బట్టి ఎలుక తీసే ప్రతి ఊపిరినీ గీతగా చూపించే పరికరం అది.

రెండోసారీ ఫలితం అదే. ఎక్కువ మోతాదు తగలగానే స్క్రీన్ మీద ఊపిరి గీతలు దూరం దూరం జరిగాయి. మధ్య గ్రూపులో దగ్గర దగ్గరగానే ఉన్నాయి. పాపం, అవి హాయిగా పీలుస్తూనే ఉన్నాయి.

మల్హోత్రా గారు ఆ గీతలను వంగి చూశారు. తరువాత అన్నారు. "మేడమ్, జిగురు కలిపే చోట ఘాటుకి మావాళ్ళు బయటికి పరిగెత్తుతారు. డబ్బాల్లో నింపే టేబుళ్ళ దగ్గర వాసన హల్కా, తక్కువే ఉంటుంది. ఆడవాళ్ళు షిఫ్టంతా అక్కడే కూర్చుంటారు."

"ఎగ్జాస్ట్ ముందు అక్కడ పెట్టించండి. రిపోర్ట్ కోసం ఆగొద్దు" అన్నారు సువార్త గారు.

ఆయన ఆగలేదు. తరువాతి నెల నేనూ సువార్త గారూ ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళి చూస్తే ప్రతి టేబుల్ మీదా గాలిని లాగే గొట్టం ఉంది. "దీదీ, దీని చప్పుడుకి ముచ్చట్లు కూడా వినపడట్లేదు" అని ఒకావిడ ఫిర్యాదు చేసింది. "గట్టిగా అరిచి చెప్పుకోండి, ఊపిరితిత్తులకు మంచిదే" అన్నారు సువార్త గారు. అందరూ నవ్వారు. నేను సువార్త గారి ముఖం వైపు చూడలేకపోయాను.

రిపోర్టు క్లయింటుకు పోయింది. ల్యాబ్‌లో పుకారు మిగిలింది. గ్రూపులు కలిసిపోతే పరీక్ష మళ్ళీ చేశారట, అంతవరకే మిగతా విభాగాలకు చేరింది. ఆవిడ బెంగళూరులో వేరే ఉద్యోగానికి వెళ్ళాక అది సామెతైంది. ఎలుకలను ఎక్కించేటప్పుడు ఒకరినొకరు "సువార్త మత్ కర్ దేనా", అంటే సువార్తలా కలిపేయకు, అని హెచ్చరించుకునేవారు. నేను వింటూ, ప్రమోషన్ మీద ప్రమోషన్ తీసుకుంటూ వచ్చాను.

ఈ మధ్య కొత్తగా చేరిన సైంటిస్టు, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, అదే మాట అంది. సువార్త అంటే ఎవరో తెలుసా అని అడిగాను. "కోయీ మేడమ్ థీ న సర్? గ్రూప్ మిక్స్ చేసేసారంట" అంది. ఎవరో ఒక మేడమ్ ఉండేవారని తప్ప తనకేమీ తెలియదు. ఆ అమ్మాయి తప్పేముంది? ఆ మాట పుట్టించింది నేను.

ఆ సాయంత్రం బెంగళూరుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "అమ్మో, అది ఇంకా బతికే ఉందా!" అని పెద్దగా నవ్వారు. నేను క్షమాపణ అడిగేసరికి నవ్వు ఆపారు.

"నాకేమైంది రాజేందర్ గారూ? నాకు ఉద్యోగం దొరికింది, పేరూ వచ్చింది. ఆ రెండో విడత ఎలుకలే ఊరికే పోయాయి. చెబితే ఆ సంగతి చెప్పండి, ల్యాబ్‌లో కొత్తగా చేరే పిల్లలకి."

చెబుతున్నాను. మొదటిసారి గ్రూపులు మారలేదు. నేను చూశాను. మా పనిలో జంతువుల ప్రాణం తీసే హక్కు ఒక్క షరతు మీదే దొరుకుతుంది. వాటి నుంచి తెలిసినదాన్ని తెలిసినట్టు చెప్పాలి. ఆ షరతును సువార్త గారు రెండుసార్లూ నిలబెట్టారు. ఆ రెండో విడత ఎలుకల చావుకు కారణంగా రిపోర్టులో రసాయనం పేరే ఉంది. దాని పక్కన ఉండాల్సిన పేరు నాది.