నారుమడిలో బర్రె

బోధన్ కోర్టులో వకీలుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఉండేది వర్ని దగ్గర పల్లెలో. కాలువ కింద నాకున్న పొలాన్ని మా ఊరి అక్క ఒకామె కౌలుకు చేస్తుంది. మొన్నటి వానాకాలం చిక్కటి పాల మీద మోజుతో పశువుల అంగడిలో ఒక బర్రెను కొన్నాను. కొట్టంలో పలుపు నేనే కట్టి, ఆ ముడి గురించి ఇంట్లో గొప్పలు పోయాను.

బర్రెను తెచ్చిన వారంలోనే, ఆదివారం నాడు అక్క ఫోన్ చేసింది.

"సారూ, చర్చికి పోయచ్చేసరికి ఎవల్దో బర్రె నారుమడి సగం మేసింది. ఏం జెయ్యాలె?"

అడిగితే చాలు, సలహా చెప్పడానికి నాకు నోరు ఊరుతుంది. మా ఇంటావిడ కూడా వినాలని ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"అక్కా, పశువు చేను మేస్తే నష్టం దాని యజమానిదే. పలుపు ఊడింది, నాకు తెల్వది అంటే నడువది. బర్రెను కట్టేసి ఉంచు. వాడెంత పెద్దోడైనా నేను సూసుకుంట."

మా ఇంటావిడ కొట్టం వైపు చూసి నవ్వింది. మెచ్చుకోలు అనుకున్నాను.

పొలానికి వెళితే, తుమ్మచెట్టుకు కట్టేసిన నా బర్రె నన్ను చూసి ప్రేమగా అరిచింది.

"నిన్ను గుర్తువట్టింది గద సారూ!" అంది అక్క.

ఒప్పుకోక తప్పలేదు. కానీ నాలోని వకీలు ఊరుకుంటాడా! "అయినా పొలం నాదే గద అక్కా. నా బర్రె నా పొలంలకు వస్తే..."

"పొలం నీదే. నారు నాది. గది తిన్నది పొలమా, నారా?"

నేను తెచ్చిన వాదనే అవతలి వకీలు తెస్తే కోర్టులో ఎంత ఎగతాళి చేసేవాణ్ణో!

"నాట్లకు యాళ్ల అయితుంది, నారు తెచ్చియ్యి సారూ" అంది.

స్కూటర్ మీద చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. చివరికి మిగులు నారు ఒక పెద్దాయన దగ్గర దొరికింది. ఆయన మేకలు పక్క చేను మేసిన కేసులో ఆయన మీద వాదించి గెలిచింది నేనే. విషయం విని ఆయన మంచం వాల్చాడు.

"గా దినం కోర్టుల ఏమన్నరు సారూ? మల్లొకపారి చెప్పున్రి."

కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన కోడలు కూడా బయటికి వచ్చి వింది. కడుపారా నవ్వుకుని, నారు కట్టలు ఆటోలో వేయించాడు.

మర్నాడు నాట్లు పడ్డాయి. నేను గట్టు మీంచి కట్టలు విసిరాను. ఒకటి కూడా పడాల్సిన చోట పడటం లేదని నాటేవాళ్లు నన్ను ఇంటికి పొమ్మన్నారు.