మాన్విలో వేలు, రాయచూరులో తెర

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు నన్ను రాయచూరు జిల్లా కేంద్రంలో సహాయక సాంకేతికాధికారిగా వేశారు. తాలూకా సేవాకేంద్రాలలోని యంత్రాలు మొరాయిస్తే కుర్చీలోంచి లేవకుండా బాగుచేయడం నా విధి. ఈ పద్ధతిని ప్రయాణపు ఖర్చు తగ్గించడానికి పెట్టారు. నా నడుము దాన్ని మనస్ఫూర్తిగా సమర్థించింది. చెప్పబోయేది ఆ ఏడు దసరా సెలవులు ముగిసిన మరునాటి సంగతి.

ముందు ఏర్పాటు చెప్పాలి. సేవాకేంద్రాలలో ఉన్నవి పేరుకే కంప్యూటర్లు. అసలు ప్రోగ్రాము రాయచూరులోని సర్వరులో నడుస్తుంది. మాన్వి వంటి తాలూకాలో కనిపించేది దాని తెర మాత్రమే. దీన్ని రిమోట్ సెషన్ అంటారు. వేలిముద్ర పరికరాన్ని మాత్రం అక్కడి కంప్యూటరుకే యు.ఎస్.బి. తీగతో తగిలిస్తారు, ఆ కంప్యూటరు దాన్ని దూరాన ఉన్న సర్వరుకు అప్పగిస్తుంది. కనుక ముద్ర పడకపోతే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దగ్గరి కంప్యూటరు పరికరాన్ని గుర్తించిందా? సెషన్‌కు అప్పగించిందా? దానితో మాట్లాడగల డ్రైవరు అనే ప్రోగ్రాము సర్వరులో ఉందా?

పొద్దున్నే మాన్వి నుంచి ఆపరేటరు భీమణ్ణ ఫోను చేశాడు. ఎల్లమ్మ అనే పత్తికూలీ రేషన్ కార్డుకు వేలిముద్ర ఇవ్వడానికి వచ్చిందట. గడువు ఆ రోజుతో ముగుస్తుంది. పది వేళ్ళూ పెట్టించినా ముద్ర పడలేదు. “ఏళ్లు అరిగినయ్ సార్, పత్తి తీసి తీసి,” అని తీర్పు చెప్పాడు. వేళ్ళు అరిగాయని నమోదైతే మినహాయింపు దస్త్రం తాలూకా కచేరీకి వెళుతుంది. అది తేలేదాకా ఆమెకు బియ్యం ఆగిపోతాయి. ఆ దస్త్రం కదలాలంటే ‘పరికరం సక్రమంగా ఉంది’ అని నేను ధ్రువీకరించాలి.

నేను భౌతికశాస్త్రం చదువుకున్నవాణ్ణి. ఎవరేం చెప్పినా రుజువు అడగడం నా అలవాటు. ఇంట్లో దానికి వేరే పేరుంది. మూడు ప్రశ్నలూ వేశాను. మూడింటికీ అవుననే జవాబు వచ్చింది. అప్పుడు ఆయుధపూజ గుర్తొచ్చింది. మా వైపు కచేరీలలో ఆ రోజు జీపు నుంచి కీబోర్డు దాకా దేనికీ కుంకుమ తప్పదు. పరికరం అద్దం మీద బొట్టుందా అని అడిగాను. “ఉంది సార్, గంధం గూడ,” అన్నాడు. తుడిపించాను. అయినా ముద్ర పడలేదు. “అయితే అమ్మవారి తప్పేం లేదు సార్,” అన్నాడు భీమణ్ణ, చాలా వినయంగా. నేను ధ్రువీకరణ ఫారం తెరిచాను.

ఫోను స్పీకరులో ఉన్నట్టుంది, ఎల్లమ్మ అందుకుంది. “రాయచూర్ల కూసున్న సారుకు మాన్విల నా ఏళ్లు అరిగింది కనవడ్తదా? మొన్న సిమ్ముకు ఒక్కపారికే పడ్డది. ఏం నాయనా, నీ ఏలు పెట్టు. అది గూడ అరిగిందేమో సూద్దాం.”

భీమణ్ణ వేలు పెట్టాడు. అతని ముద్రా పడలేదు. అతను జీవితంలో పత్తి ముట్టినవాడు కాడు. పోలిక కోసం ఇంకొక నమూనా తీసుకోవాలన్నది ప్రయోగశాలలో మొదటి ఏడాది పాఠం. నాకది ఒక పత్తికూలీ గుర్తుచేయవలసి వచ్చింది.

కంప్యూటరు నుంచి వేలిముద్ర పరికరం తీగ పీకమన్నాను. నా తెర మీద పరికరం మాయమైంది. “పీకిన సార్, కానీ ముంగటి దాని లైటు ఆరలే,” అన్నాడు భీమణ్ణ. వేరే తీగ పీకావన్నాను. కాదన్నాడు. ఇద్దరం కొంతసేపు హోదాను బట్టి గొంతులు పెంచుకున్నాం.

“కొట్లాడకుండ్రి. పక్క బల్ల మీది దాని లైటు ఆరింది, నేను సూసిన,” అంది ఎల్లమ్మ.

విచారిస్తే తేలింది ఇది. పూజకు యంత్రాలన్నీ విప్పి, తుడిచి, ఒకే బల్ల మీద వరుసగా పేర్చారు. తిరిగి బిగించేటప్పుడు రెండు కౌంటర్ల వేలిముద్ర పరికరాల తీగలు తారుమారయ్యాయి. రెండో కౌంటరు ఆపరేటరు యంత్రం వేసి ఉంచి టీకి వెళ్ళాడు. కనుక ఎల్లమ్మ వేలు పెడుతున్న పరికరం అతని కంప్యూటరుకు తగిలి ఉంది. ఆమె ముద్ర కోసం ఎదురుచూస్తున్న పరికరం పక్క బల్ల మీద ఉంది. నా తెరకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తీగలు మార్చాక మొదటిసారికే ముద్ర పడింది. “ఇగ మొలిచినయా నా ఏళ్లు?” అని భీమణ్ణను అడిగి, రసీదు తీసుకుని ఎల్లమ్మ వెళ్ళిపోయింది.

ఆ వారమే మా పరీక్షల పట్టికలో మూడు ప్రశ్నలకు ముందు ఒక అంశం చేర్చాను: తీగ పీకించు, ఏ లైటు ఆరిందో అక్కడున్న మనిషిని అడుగు. నేను సంతకం చేయబోయిన వాక్యంలో అబద్ధం లేదు. పరికరం సక్రమంగానే ఉంది. ఏ పరికరమన్నది మాత్రం నాకు తెలియదు.