కొనేవాళ్లున్నా అమ్మకూడని సొరకాయ

మా వీధిలో సెలూన్ నడిపే ఆయనకు కోతలరాయుడని పేరు. జుట్టు కోస్తాడని కాదు, మాటలు కోస్తాడని. కుర్చీలో కూర్చున్నవాళ్లకి తెల్లగుడ్డ చుట్టి, ఇక కదల్లేరని తేలాక మొదలుపెట్టేవాడు. అందుకే సెలూన్ రేకుల మీద సొరతీగ పాకించానని అతనంటే ఎవరూ నమ్మలేదు. తీరా తలెత్తి చూస్తే కాయలు గుమ్మం ముందుకు వేలాడుతున్నాయి.

అప్పట్లో ఊరి హద్దుల్లో పూలమొక్కలు తప్ప తినేవేవీ పెంచకూడదు. ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చి తీగను చూశాడు.

"ఇదేంటయ్యా?"

"పూలతీగండి."

"మరి ఆ కాయలు?"

"పూలు వాడిపోయాక అలా తయారవుతున్నాయండి. నాకూ బాధగానే ఉంది."

ఆ తగువు తెగకముందే, ఎవరికి కావలసిన తిండి వాళ్లు పండించుకునే, కొనుక్కునే హక్కును రాజ్యాంగంలో చేర్చాలని ప్రతిపాదన వచ్చింది. జనం ఓటుకి పెట్టారు. అది తన తీగను చూసే రాశారని రాయుడు పోలింగ్ క్యూలో ఉన్నవాళ్లందరికీ చెబుతూ, తన ఓటు వేయడం మరిచిపోయాడు. అయినా ప్రతిపాదన నెగ్గింది.

మర్నాడు వీధివీధంతా సంచులు పట్టుకుని వచ్చింది. వెనకే ఇన్‌స్పెక్టరూ వచ్చాడు.

"పండించుకో, తప్పులేదు. వాళ్లు కొనుక్కుంటారు, అదీ తప్పులేదు. నువ్వు మాత్రం అమ్మకూడదు. అమ్ముకోవచ్చన్న మాట అందులో లేదు."

"నేను అమ్మకుండా వాళ్లెలా కొంటారండీ?"

"అది వాళ్ల హక్కు. మధ్యలో నీకెందుకు?"

రాయుడు తల గోక్కున్నాడు. మిల్లులో పని మానేశాక సెలూన్ వెనక గదిలో తమ్ముడి దగ్గరే ఉంటున్న అక్క బయటికొచ్చింది.

"అమ్మకురా. కటింగ్ చెయ్యి. చేయించుకున్నవాళ్ల చేతిలో ఓ కాయ పెట్టు."

ఇన్‌స్పెక్టర్ కాగితాలు అటూ ఇటూ తిరగేసి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి కాయ కావాలంటే కుర్చీ ఎక్కాల్సిందే. పిల్లలెక్కువ ఉన్న ఇళ్లవాళ్లు చూస్తుండగానే గుండుకి వచ్చేశారు. ఇన్‌స్పెక్టర్ భార్యకి ఆ కాయలు తెగ నచ్చాయి. పాపం, ఆయన నెత్తి నున్నబడి, మీసం పోయి, కనుబొమల సంగతి మాట్లాడుకుంటుండగా ఆవిడ తన తమ్ముణ్ణి పంపడం మొదలుపెట్టింది. ఏ ఇంట్లో ఎంత సొరకాయ తిన్నారో నెత్తి చూసి చెప్పేయొచ్చు. రాయుడు మాత్రం వెలిగిపోయాడు. లేచి పోలేని శ్రోతలు పొద్దస్తమానం క్యూ కట్టారు.

చివరికి చట్టసభవాళ్లు 'అమ్ముకునే' అన్న మాట కూడా చేర్చారు. రాయుడు గుమ్మం పక్కన బుట్ట పెట్టాడు. జనం వచ్చారు, కాయ గిల్లి చూశారు, పట్టుకెళ్లారు. ఎవరూ కూర్చోలేదు. కూర్చున్నా కత్తిరించడానికి నెత్తిన ఏమీ మిగల్లేదు కూడా. "ఈ తీగ అసలెలా పుట్టిందంటే..." అని అతను నోరు తెరిచేలోగా వీధి మలుపు తిరిగిపోయేవారు.

ఓ మధ్యాహ్నం అతను ఖాళీ కుర్చీని తుడిచిందే తుడుస్తున్నాడు. అక్క చూసింది. ఇన్నేళ్లలో తమ్ముడి కబురు ఒక్కటీ చివరిదాకా విన్న మనిషి కాదు. తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుని వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

"నా జుట్టు జోలికి రాకు," అంది. "ఊరికే ఏదైనా చెప్పు."

రాయుడు అద్దంలో ఆమె ముఖం చూస్తూ నిలబడిపోయాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అతనికి తోచలేదు.