మా మరిది, పెరటి తలుపు కొక్కెం

అధ్యక్షులుగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? కార్యదర్శిగారి షుగరు తగ్గిందా? స్టేషను వీధి కొట్లలో పిల్లల జ్వరాలు నెమ్మదించాయా? మీరంతా కులాసాగా ఉంటే మంచిదే. మా మరిది మాత్రం పోయిన శుక్రవారం పోయాడు. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. మీ సంఘం పత్రికకు అతని గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. రాస్తున్నాను.

పలాసలో మీ జీడిపప్పు కొట్లవాళ్ళ సంఘానికి సర్వరు చూసేది అతనే. కొట్లవాళ్ళు పాస్‌వర్డు కొట్టి అందులో బేరాలు రాసుకునేవారు. కొట్టు నుంచి సర్వరుకు వెళ్ళే దారిలో ఎవరూ చదవకుండా ఆ రాతలకు తాళం పడుతుందట. పాత రకం తాళం, కొత్త రకం తాళం రెండూ ఉండేవి. పాతదాన్ని ఎవరైనా విప్పేస్తారని, తీసెయ్యాలని అతని పట్టు.

నాకు అన్నిటికీ భయమే. వీధి తలుపు తాళం మూడుసార్లు లాగి చూస్తాను. పెరటి తలుపుకు మాత్రం కొత్త గడియ ఉన్నా పాత కొక్కెమే వేసేదాన్ని. ఒకరోజు అతను మా పెరటి తలుపు సందులో కొబ్బరి ఈనె దూర్చి కొక్కెం లేపేశాడు.

"సూసినావా వదినా? ఈది తలుపుకి అంత తాళమేసినావు. దొంగోడు ఈదిలోంచే రావాలని రాసుందేటి?"

"పాలావిడికి కొత్త గడియ తియ్యడం రాదు నాయనా. ఈనెతో లేపుకొనొచ్చి పాలెట్టేసి పోతాది. ఆ ఈనె కూడా సూరులో నేనే గుచ్చినాను."

"బాగుంది! మా సంఘపోళ్ళూ ఇంతే. పాత కంప్యూటరోళ్ళకి కొత్తది తెరుసుకోదని పాత తాళం ఉంచీమంటన్నారు. పాలావిడికి నేర్పాల గానీ దొంగకి దారుంచుతావేటి?"

నేను వినలేదు. పైగా కసిరాను.

పాత తాళం ఆపేస్తానని అతను నెల ముందే నోటీసు అంటించాడు. సీడీ పట్టుకొని సైకిలు మీద కొట్టుకొట్టుకీ తిరిగి కంప్యూటర్లకు కొత్త తాళం పట్టేలా చేశాడు. మూడు కొట్లవాళ్ళు "సీజనయ్యాక రా" అన్నారు. పాతది ఆపిన రోజున ఆ మూడు కొట్లలోనే సర్వరు తెరుచుకోలేదు. అంతే, అందరి ముందూ అతని మీద మీ కేకలు.

"పప్పు రేటు పడిపోతంటే నీ తాళాల గోలేటయ్యా? సర్వరు నీ బాబుదేటి?"

"అరగంట ఆగండి బాబూ, సీడీ అట్టుకెళ్ళి సరిసేసొత్తాను."

అరగంట ఆగలేదు మీరు. ఉద్యోగం తీసేశారు. పాత తాళం మళ్ళీ పెట్టించారు, నేటికీ ఉంది. నిన్న పరామర్శకొచ్చి "ఎంత జాగ్రత్తపరుడో" అన్నారు. ఆ జాగ్రత్తనే కదా గెంటేశారు!

అతను పోయాక పాలావిడకు గడియ నేర్పాను. రెండు పూటలు పట్టింది. కొక్కెం ఊడబీకాను. చూరులో ఈనె ఇంకా ఉంది, తియ్యడానికి చెయ్యి రావడం లేదు.

దినం అయిన మర్నాడు మా సుమ్మాదేవి స్టేషనులో రైలెక్కి మీ ఆఫీసుకు వస్తాను. కొక్కెం మీ బల్ల మీద పెడతాను. పాత తాళం తీసేశామని, అతను చెప్పిందే నిజమని మీ నోట వినేదాకా లేవను. నేను వచ్చేది ఇరవై మూడో తారీఖు, బుధవారం.