తెరచాపకు గళ్ళ మాసిక

మా లైబ్రరీకి వచ్చే పిల్లలు పుస్తకాలు తిరిగిచ్చే కౌంటర్ దగ్గర నిలబడి జపాన్ యానిమేల గురించి కొట్లాడుకుంటారు. ఏది గొప్పది? ఏది కలకాలం నిలుస్తుంది? వేలూరులో ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ వింటున్నాను, పిల్లలు మారారు గానీ పంచాయితీ మారలేదు. జుట్టు నిక్కబొడుచుకుని కొట్టుకునే కథే అన్నిటికీ తాత అంటాడు ఒకడు. ఊరు వెలివేసిన అనాథ పిల్లవాడి కథ తలుచుకుని ఒక అమ్మాయి కళ్ళు తుడుచుకుంటుంది. ఇన్నేళ్ళయినా ముగియని ఓడ కథకే ఇంకొకడి ఓటు. మామూలుగా అయితే కసిరేదాన్ని, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ నెల మాత్రం ఓడ మాట వస్తే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేచి బీరువాల మధ్యకు వెళ్ళిపోతున్నాను.

ఎందుకంటే గుడియాత్తంలో మా నాయన ఆ ఓడ కథను మొదటి నుంచి చూస్తున్నాడు. ఫోను కొనిచ్చింది నేనే. తమిళంలో ఆ కథను వెతికి పెట్టిందీ నేనే. నా బుద్ధి గడ్డి తిన్నది.

చిన్నప్పుడు మా ఇంట్లో టీవీ లేదు, ఎదురింటి అత్త వాళ్ళింట్లో ఉండేది. బడి నుంచి రాగానే అక్కడ చూసి, ఇంటికి పరుగెత్తి, నాయన మగ్గం పక్కన కండెలు చుడుతూ కథ చెప్పేదాన్ని. టీవీలో తమిళం, నా నోట్లో తెలుగు. ఆయన మగ్గం కింది గుంటలోకి కాళ్ళు దించుకుని లుంగీ నేస్తూ వినేవాడు. ఆ గది పగలే చీకటి, మగ్గం మీద ఒక బల్బు వేలాడేది. నేను ఊపిరికి ఆగితే "అప్పురం?" అనేవాడు, తర్వాతేమైంది అని. మా ఇంట్లో ఆ మాటకు తెలుగు లేదు.

కథ బాగుందో లేదో మగ్గమే చెప్పేది. కొట్లాటల కథకు అది ఒక్కనాడూ ఆగలేదు. సోమవారం ఎత్తిన పిడికిలి శుక్రవారానికి గానీ దిగదు. "ఇంకా కొడతానే ఉండాడా వాడు? ఈలోపల నాకు ఒక లుంగీ అయిపోయినాది," అనేవాడు. అయినా ఆ జుట్టు ఈనాటికీ వేలూరు బజారులో బనియన్ల మీద నిలబడే ఉంది. చూడ్డానికి బాగుండేది వేరు, నోటితో చెబితే నిలిచేది వేరు. అనాథ పిల్లవాడి కథకు మగ్గం నెమ్మదించేది. "వానికి ఎవురన్నా అన్నం పెట్టినారామ్మా?" అని రోజూ అడిగేవాడు. రానురాను ఆ కథ పాత సంగతులే తవ్వుకుంటూ కూర్చుంది, మగ్గం మళ్ళీ జోరందుకుంది. ఓడ కథకు మాత్రం పూర్తిగా ఆగేది. పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడెను చేత్తో పట్టుకుని నా వైపు తిరిగేవాడు. ఎక్కడెక్కడి వాళ్ళో ఒక్కచోట కూర్చుని తింటారు, రేపు ఏ దీవి వస్తుందో ఎవరికీ తెలియదు. ముగింపు లేకపోవడం ఆయనకు లోటుగా తోచలేదు. నేతగాడికి ఒక పడుగు అయిపోతే ఇంకో పడుగు.

ఒకసారి తుఫానులో ఓడ తెరచాప చిరిగింది, కథ అక్కడ ఆపారు. మరునాడు టీవీ పెట్టగానే కరెంటు పోయింది. వచ్చేసరికి కథ అయిపోయింది. నాయనేమో పొద్దుట్నుంచీ తెరచాప గురించే అడుగుతున్నాడు, ఒట్టి చేతులతో ఎలా పోను? అత్త వాళ్ళ అరుగు మీద కూర్చుని అల్లేశాను. ఓడ ఒక దీవికి చేరింది. అక్కడ ఒక ముసలి నేతగాడు మూడు రోజులు నేసి తెరచాపకు ఎర్ర గళ్ళ మాసిక వేశాడు. మాతో రా తాతా అని వాళ్ళు బతిమాలారు. మగ్గాన్ని విడిచి రాలేనని ఆయన ఒడ్డునే ఉండిపోయాడు. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. నాయన మగ్గం చాలాసేపు కదల్లేదు. తర్వాత ఏళ్ళ తరబడి, ఓడ ఎక్కడికి పోయినా "ఆ మాసిక ఇంకా ఉండాదా?" అని అడిగేవాడు. ఉంది నాయనా, అనేదాన్ని.

మోకాళ్ళు పట్టేసి పోయినేడు ఆయన మగ్గం అమ్మేశాడు. గుంటను సిమెంటుతో పూడ్చాం. ఇప్పుడు సరిగ్గా అదే చోట కుర్చీ వేసుకుని ఫోను చూస్తాడు. అన్నిటికన్నా ఆయనకు నచ్చిన ముక్కే అందులో లేదు. అది తెలిసిన రోజు, నేను చెప్పినవన్నీ అబద్ధాలే అనుకుంటాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకముందే ఫోను చేసి "ఎంతదాకా వచ్చినావు నాయనా?" అని అడుగుతున్నాను. మిగతా పొద్దంతా కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

ఈ బుధవారం, "తుఫాను వచ్చినాదమ్మా," అన్నాడు.

పూట సెలవు పెట్టి బస్సెక్కాను. అది ఆగని స్టాపు లేదు. గుడియాత్తం బస్టాండులో షేర్ ఆటో నిండేదాకా కదలనంటే, డ్రైవరుతో గొడవపడి నడిచే వచ్చేశాను. వచ్చి ఏం చేయాలో మాత్రం తెలియదు.

నాయన ఫోనును చెంబుకు ఆనించి చూస్తున్నాడు. నన్ను చూసినా ఆపలేదు.

"తెరచాప వాళ్ళే కుట్టుకున్నారు," అన్నాడు.

"నాయనా, ఆ నేతగాడు..."

"తెలుసులేమ్మా. ఆ పొద్దు కరెంటు పోయినప్పుడు మగ్గం మీద బల్బు కూడా పోయినాది గదా. నువ్వు టీవీ యాడ చూసింటావు?"

అంత తెలివైన దొంగను, బల్బు సంగతే మరిచాను.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితే చెప్పేది నిలిపేస్తావని." తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "ఇదంతా చూసేదీ దానికే. ఏది వాళ్ళది, ఏది నీది అని. ఇంతవరకు నీవి నాలుగు దొరికినాయి."

నాకు గుర్తున్నది ఒక్కటే. మిగతా మూడూ ఏవని అడగడానికి సిగ్గేసింది.

అప్పుడు ఫోను ఆపాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మగ్గం ఆపిన రోజుల్లో లాగే నా వైపు తిరిగాడు.

"సరే, అప్పురం? మగ్గం పోయినాక ఆ ముసిలాయప్ప ఏమి చేస్తా ఉండాడు?"

ఏడాదిగా మా ఇంట్లో ఎవరూ ఆయన్ని అడగని ప్రశ్న అది. నేనూ అడగలేదు. చెప్పులు విప్పి, సిమెంటు మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"ఓడ మళ్ళా వచ్చినాది నాయనా," అన్నాను.