బర్రె ఈనేలోగా

మా అత్త పూలికి ఊరికే కూర్చోవడం చేతకాదు. అలాంటి మనిషిని రెండు వేల ఆరులో చికున్‌గున్యా మంచాన పడేసింది. కారేపల్లి దగ్గర మా తండాలో ఆ జ్వరం రాని ఇల్లు లేదు. అందరూ లేచారు. అత్త మాత్రం నాలుగు నెలలు పడుకునే ఉంది. నొప్పులు తగ్గేసరికి తొడల్లో కండ కరిగిపోయింది. గొంతుక్కూర్చుంటే ఇద్దరం పట్టి లేపాల్సి వచ్చేది.

ఇంట్లో చూడి బర్రె ఉంది. అది అత్తకు తప్ప ఎవరికీ పాలివ్వదు. కిందటి ఈతలో నేను పొదుగు మీద చెయ్యి వేస్తే తన్నిన తన్నుకు వారం రోజులు కుంటుతూ నడిచాను. మా ఆయన కోటేష్ తేల్చి చెప్పేశాడు.

"యాడీ, ఉగాదికి ఈనుతది. అప్పటికి నువ్వు కూసోని పిండలేకుంటే అమ్మేస్త."

కన్నతల్లితో అంత మాట అన్నందుకు నాకు ఒళ్లు మండింది. అత్త కొట్టం వైపే చూస్తూ కూర్చుంది.

ఖమ్మం దవాఖానాలో కసరత్తులు నేర్పే హేమలత మేడం, అత్త నడుముకు అడుగులు లెక్కపెట్టే మిషన్ తగిలించింది. అగ్గిపెట్టెంత ఉంటుంది, అద్దంలో అంకెలు పడతాయి. రోజుకు రెండు వేల అడుగులు నడవాలి, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవాలి అంది. లేవడం అత్తకు నచ్చలేదు. అడుగులు మాత్రం మూడు వేలు, నాలుగు వేలు పడసాగాయి. నేను తండా అంతా చెప్పుకుని మురిసిపోయాను.

నెల తర్వాత వెళ్తే మేడం కుర్చీలోంచి లేవమంది. అత్త సగం లేచి కూలబడింది. మరి అన్ని అడుగులు ఏమైనట్టు? మర్నాడు కాపు వేసి చూశాను. అత్త కాళ్లు చాపుకుని విసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతోంది. ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగినప్పుడల్లా మిషన్‌లో అంకె పెరుగుతోంది.

"ఇదేంది అత్తా?"

"పని చేస్తున్న గద పిల్లా. నడిచినవని మిషనే అంటున్నది. నేను కాదంటనా?"

కోపంలోనూ నవ్వొచ్చింది. ఫోన్ చేస్తే మేడం కూడా నవ్వింది.

"అది తీసి పక్కన పెట్టు సరళా. నీ సెల్లుల స్టాప్‌వాచ్ ఉంటది. అర నిమిషంల ఎన్నిసార్లు లేస్తదో చూసి, వారానికోసారి మెసేజ్ పెట్టు."

మొదటిరోజు రెండు. అత్త నన్ను తిట్టింది, ఫోన్‌నూ తిట్టింది. నేనూ తక్కువదాన్ని కాదు. రోజూ పొద్దున్నే కుర్చీ వేసి ఎదురుగా నిలబడ్డాను. గుడ్డూ పప్పూ దగ్గరుండి తినిపించాను. మిర్చి కోతలు ముగిసేసరికి తొమ్మిదికి వచ్చింది. ఆ రోజు "మళ్లొకసారి టైం పట్టు" అని తనే అడిగింది.

ఉగాది నాలుగు రోజులుందనగా బర్రె ఈనింది. అత్త చెంబు పట్టుకుని పొదుగు పక్కన గొంతుక్కూర్చుంది. కోటేష్ గుంజ దగ్గర నిలబడి చూస్తున్నాడు. జున్నుపాలతో చెంబు నిండింది. అత్త తలెత్తి నా వైపు చూసింది. లేవలేకపోతోందనుకుని గబగబా చెయ్యి అందించాను. ఆ చేతిలో చెంబు పెట్టి, మోకాళ్లయినా పట్టుకోకుండా తనే లేచి నిలబడింది.